నాలుగు గంటల నిద్ర

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆమెకు సంతోషమేమీ కలగలేదు. కూర్చోవడం అనే పని ఒకటి అయిపోయిందనిపించింది, అంతే. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, చెప్పుల్లోంచి మడమలు బయటికి లాగి, కళ్ళు మూసుకుంటే దిగాల్సిన చోటు దాటిపోతుందేమోనని భయపడి, చివరి స్టాపులో దిగేదానికి దాటిపోవడానికి ఏముంటుందని తనమీద తనే విసుక్కుని, అయినా కళ్ళు తెరిచే ఉంచింది. మధ్యాహ్నం రెండున్నర. లెక్కల టీచరమ్మ ఇంటికి ఇక్కడినుంచి గంట. దిగాక రెండు వీధులు, మూడంతస్తుల మెట్లు, లిఫ్టు లేదు, తలుపు తట్టకూడదు, బెల్లు అసలే కొట్టకూడదు, కింద నిలబడి మిస్డ్ కాల్ ఇస్తే టీచరమ్మ వచ్చి గొళ్ళెం చప్పుడు కాకుండా తీస్తుంది. తీసి, గ్లాసుడు మంచినీళ్ళు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, “ఊఁ, మిగతాది చెప్పండి” అంటుంది. ఆ మిగతాది ఇప్పుడు తన దగ్గర లేదు. పొద్దున్న ఎనిమిదింటి దాకా ఉంది.

పొద్దున్న ఎనిమిదింటికి కొడుకు గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

“అమ్మా, గడియారాల సంగతి ఇక ఎవరికీ చెప్పకు.”

“ఏ గడియారాలు రా?” అంది, తెలిసే.

“నిన్న లైబ్రరీకి ఒకాయన వచ్చాడు. నేను అతికించిన పుస్తకం తీసుకుని, నా మొహం చూసి, నువ్వు గడియారాల అబ్బాయివి కదూ అన్నాడు. మా ఇంట్లో అందరికీ నువ్వంటే ఎంత గౌరవమో బాబూ అని చెయ్యి పట్టుకుని ఊపాడు.”

“నేనెప్పుడూ పేరు చెప్పలేదు రా.”

“లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు అతికిస్తాడని చెప్పావుగా. ఈ ఊళ్ళో ఎన్ని లైబ్రరీలున్నాయి?”

“పాపం, ఆయన మంచిగానే అన్నాడు కదా.”

“మంచిగానే అన్నాడు.” రెండో బూటు కూడా కట్టుకుని లేచాడు. “అది నాది అమ్మా. జబ్బు నాది, గడియారాలు నావి. నువ్వు తీసుకెళ్ళి ఇంటింటికీ పంచుతున్నావు.”

తలుపు నెమ్మదిగా వేసుకుని వెళ్ళిపోయాడు. అంత నెమ్మదిగా వేసేవాడితో పోట్లాడటం ఎలాగో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఒకప్పుడు తలుపులు దఢాలున వేసేవాడు, అప్పుడు గుండె గుభేలుమనేది, ఇప్పుడు నెమ్మదిగా వేస్తాడు, ఇప్పుడూ గుభేలుమంటుంది, ఈ గుండెకి ఏ చప్పుడైనా ఒకటేనేమో. గిన్నెలు కడిగింది, బట్టలు ఆరేసింది, ఆస్పత్రికి వెళ్ళి సంతకం పెట్టింది, ఇద్దరు తల్లులతో, ఒక అన్నతో మాట్లాడింది, వాళ్ళకి ఏం చెప్పిందో గుర్తు లేదు, గడియారాల దాకా రాకుండా మాటల్ని అటూ ఇటూ తిప్పింది, కుట్టు మిషను మీద బట్ట అయిపోతుంటే చెయ్యి అంచు దగ్గర ఆగిపోయినట్టు.

ఆమె పని పేరు పెద్దది. మెడలో వేలాడే కార్డు మీద ‘కుటుంబ సహచరి, తొలి మానసిక చికిత్స విభాగం’ అని ఉంటుంది. ఆ కార్డు చూసినవాళ్ళు ముందు అడిగేది మీరు డాక్టరా అని. కాదు. నర్సా? కాదు. మరి? మీలాంటి తల్లినే, అంటుంది. ఆ ఒక్క మాట కోసమే తనని ఉద్యోగంలో పెట్టుకున్నారు. కన్నబిడ్డకి మొట్టమొదటిసారి మనసు చెదిరి, గోడలు మాట్లాడుతున్నాయనో, అన్నంలో ఏదో కలిపారనో అంటుంటే, ఏమీ అర్థంకాక గుడ్లప్పగించి చూస్తున్న ఇంటివాళ్ళ పక్కన, అదంతా ఒకసారి చూసి బయటపడ్డ మనిషి కూర్చోవాలి. కూర్చోవడమే పని. మొదట్లో టేబులుకి అటువైపు కూర్చోమన్నారు, ఆమె కుర్చీ ఈడ్చుకొచ్చి ఇటువైపు వేసుకుంది, అప్పటినుంచి అక్కడివాళ్ళు ఆమెని కుర్చీ అక్క అంటారు. అయిదేళ్ళయింది. ‘మీలాంటి తల్లినే’ అన్న మాట ఎన్ని వందలసార్లు అన్నదో. అంటున్నప్పుడల్లా ఎదుటివాళ్ళ భుజాలు ఒక అంగుళం కిందికి దిగేవి, తన భుజాలు ఒక అంగుళం పైకి లేచేవి, ఇప్పుడవి చెవుల దాకా వచ్చేశాయి, రాత్రి పక్కమీద పడుకున్నా దిగవు.

బస్సు ఎక్కడో ఆగింది. ముందు సీట్లో ఒక పాప కిటికీ అద్దం మీద ఆవిరి ఊది వేలితో ఏదో గీస్తోంది, గీసింది చెరిగేలోపే ఇంకోటి. రోడ్డు పక్క పరదాల దుకాణం, గాజు వెనక పొడుగాటి మడతలు, ఎవరు కుట్టారో గానీ కింది అంచు సరిగ్గా రాలేదు, ఎడమవైపు వేలెడు ఎక్కువైంది. చూడకుండా ఉండలేదు. ఇరవై రెండేళ్ళు ఆమె చేసిన పని అది, బట్టలు సరిచేయడం, బిగుతైనవి వదులు చేయడం, వదులైనవి పట్టించడం, మనిషి మారాడని ఒప్పుకోకుండా బట్టనే తప్పుపట్టేవాళ్ళకి అవునండీ బట్టదే తప్పు అని చెప్పడం. కొడుకు గురించిన కథ కూడా అలాగే చేసింది. మొదట చెప్పినప్పుడు అది ఇష్టమొచ్చినట్టు చిరిగిన గుడ్డలా ఉండేది, చెబుతూ చెబుతూ ఏడ్చేది, ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. వినేవాళ్ళు భయపడేవారు. మెల్లగా అంచులు మడిచింది. పనికిరాని పోగులు కత్తిరించింది. ఇప్పుడది ఎవరికి తొడిగినా సరిపోతుంది.

పంతొమ్మిదేళ్ళవాడు ఒకరోజు ఇంట్లో ఉన్న గడియారాలన్నిటికీ బ్యాటరీలు పీకేశాడు. ఎందుకు రా అంటే, అవి నా అడుగులు లెక్కపెట్టి వాళ్ళకి చాడీలు చెబుతున్నాయి అన్నాడు. ఆమె చేతి వాచీని నీళ్ళ కుండలో వేశాడు. పక్కింటి గోడగడియారం చప్పుడు వినిపిస్తోందని వెళ్ళి, అంకుల్ దయచేసి దాన్ని ఆపండి, మీకు పుణ్యముంటుంది అని చేతులు జోడించి అడిగాడు. ఇక్కడ వినేవాళ్ళు చిన్నగా నవ్వుతారు, నవ్వనివ్వాలి, ఎంతకాలమైందో వాళ్ళు నవ్వి. తరవాత నిద్రలేని రోజులు, పారిపోయిన రోజు, ఆస్పత్రి, మందులకి ఒళ్ళు బరువెక్కడం, ఆర్నెల్లు గోడవైపు తిరిగి పడుకోవడం. ఆ తరవాత ఒక పొద్దున్న, ఎవరూ ఏమీ అనకుండానే, వాడే లేచి వంటింటి గడియారంలో బ్యాటరీ వేసి, “టైమెంత పెట్టాలి అమ్మా?” అని అడిగాడు. అక్కడ అందరూ ఏడుస్తారు. అక్కడ ఆపుతుంది. నిజానికి వాడు ఆ సాయంత్రమే మళ్ళీ పీకేశాడు. వారం తరవాత వేశాడు, మళ్ళీ పీకాడు, ఆ బ్యాటరీ ఎన్నిసార్లు లోపలికీ బయటికీ తిరిగిందో దేవుడికే తెలియాలి. కానీ అవి పోగులు.

టీచరమ్మకి ఆ కథ మూడు వారాలుగా కొంచెం కొంచెం చెబుతోంది. ఆవిడ కూతురు ఇరవయ్యొక్కేళ్ళది, కాలేజీలో మంచి మార్కులు, రెండు నెలల కిందట పరీక్ష హాల్లో లేచి నిలబడి, ఈ ప్రశ్నాపత్రం నా గురించే రాశారు అని అందరికీ వినిపించేలా చదవడం మొదలుపెట్టింది. ఆస్పత్రిలో ఐదు వారాలు ఉంది. ఇంటికొచ్చి మూడు వారాలయింది, గది దాటి రాదు. తండ్రి ఎప్పుడో పోయాడు, ఉన్నది తల్లీ కూతుళ్ళే. టీచరమ్మ డాక్టరు చెప్పినవన్నీ నోటుపుస్తకంలో గళ్ళు గీసి రాసుకుంది, ఏ మాత్ర ఏ గంటకి, ఎంత తిన్నది, ఎన్నిసార్లు బయటికి తొంగిచూసింది. ఇంటికి ఎవరినీ రానివ్వదు, కుర్చీ అక్కని తప్ప. అది కూడా కథ కోసమే. మొన్న నర్సు ఫైలు మూసి పక్కకి పెట్టి చెప్పింది, “అక్కా, ఆవిడ నిన్న ఫోన్ చేసి, పిల్లని ఎక్కడైనా శాశ్వతంగా ఉంచుకునే చోటుంటే చెప్పండి అని అడిగింది. గొంతు ఎంత మామూలుగా ఉందంటే నాకు భయమేసింది. ఈ వారం మీరు తప్పకుండా వెళ్ళండి. మీ మాటే వింటోంది.”

నా మాట కాదమ్మా, వాడి మాట. నా దగ్గరున్నది వాడి మాటలే. అవి తీసేస్తే నేను ఆ ఇంట్లోకి వెళ్ళి ఏం ఇవ్వాలి, బ్యాగులో ఉన్న కాగితాలా? ఆ కాగితాల మీద కుటుంబం బొమ్మలో తల్లి తండ్రి పిల్ల అందరూ పళ్ళ డాక్టరు దగ్గరినుంచి అప్పుడే వచ్చినట్టు నవ్వుతుంటారు. శిక్షణలో చెప్పినవి ఉన్నాయి. మీ బాధ నాకు అర్థమవుతోంది అనాలి. మీరు ఒంటరివారు కారు అనాలి. ఇది మీ తప్పు కాదు అనాలి. టీచరమ్మ అలాంటి మాటలకి తప్పు లెక్క చూసినట్టు చూస్తుంది. పోనీ ఈ ఒక్కసారికి చెప్పేసి, రేపటినుంచి మానేస్తే? వాడికి ఎలా తెలుస్తుంది? తెలుస్తుంది. ఎవరో ఒకరు లైబ్రరీకి వచ్చి చెయ్యి పట్టుకుని ఊపుతారు. వాడు ఇంటికొచ్చి తలుపు నెమ్మదిగా వేస్తాడు. మొగుడితో చెబితే ఏమంటాడో తెలుసు, ఏమీ అనడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఏది ఎక్కడ ఇరుక్కున్నా గంటలో కదిలిస్తాడు, ఇంట్లో మాత్రం ఏడేళ్ళుగా అంతస్తుల మధ్య ఆగిపోయి ఉన్నాడు. చెడ్డవాడు కాదు. కొడుకు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ రోజూ పని అయ్యాక వెళ్ళి, లోపలికి వెళ్ళే ధైర్యం లేక, గేటు దగ్గర నిలబడి వచ్చేసేవాడట. వాచ్‌మన్ చెబితే తెలిసింది.

వాడు పారిపోయిన రోజు. కథలో అది రెండు వాక్యాలు. నేను స్నానానికి వెళ్ళినప్పుడు వెళ్ళిపోయాడు, సాయంత్రానికి రైల్వే స్టేషన్లో దొరికాడు. వినేవాళ్ళు అయ్యో అంటారు, ముందుకు సాగిపోతారు. ఏడేళ్ళుగా అందరికీ ఆ రెండు వాక్యాలే, మొగుడికీ, డాక్టరుకీ, కొడుక్కి కూడా. బస్సు చక్రాల కింద రోడ్డు మారింది, గరుకు మొదలైంది, సీటు ఒళ్ళంతా కుదిపేస్తోంది, ఈ కుదుపులోనే కాబోలు అది పైకి తేలింది. పదకొండు రోజులు. పదకొండు రోజులు వాడు నిద్రపోలేదు, వాణ్ని చూస్తూ తనూ నిద్రపోలేదు. గోడకి ఆనుకుని రెప్ప వాలితే చాలు, అమ్మా నువ్వు నిజంగా మా అమ్మవేనా అని భుజం పట్టి కుదిపేవాడు. పన్నెండో రోజు మధ్యాహ్నం. ఫ్యాక్టరీ పన్నెండు గంటల కూత వినబడింది. తను వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. స్నానం లేదు, ఏమీ లేదు, గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. వాడు ఇటు వీపు పెట్టి వీధి తలుపు గడియతో పెనుగులాడుతున్నాడు, కాళ్ళకి చెప్పులు లేవు. పిలవడానికి నోరు తెరిచింది. నాలుగు అడుగులు వేస్తే చెయ్యి అందుతుంది. తలుపు తెరుచుకుంది, ఎండ లోపల పడింది, వాడు వెళ్ళిపోయాడు. ఆమె వెళ్ళి తలుపు మూసింది. గడియ పెట్టింది. అప్పుడు నోట్లోంచి ఒక మాట వచ్చింది, పైకే, స్పష్టంగా. హమ్మయ్య. అక్కడే గచ్చు మీద, తలుపు దగ్గరే, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చి లేచేసరికి ఫ్యాక్టరీ నాలుగు గంటల కూత వేస్తోంది. జన్మలో ఎప్పుడూ అంత బాగా నిద్రపోలేదు. స్టేషన్లో ఎవరో కూలీ వాడి కాళ్ళకి నెత్తురు కారుతుంటే చూసి, తన చెప్పులు తొడిగి, పార్సిల్ ఆఫీసు బల్ల మీద కూర్చోబెట్టాడు. పట్టాలు అక్కడికి పది గజాలు.

“చివరి స్టాపు, చివరి స్టాపు” అన్నాడు కండక్టరు, ఆమెకొక్కదానికే, బస్సులో ఇంకెవరూ లేరు.

మెట్లు ఎక్కుతూ ప్రతి అంతస్తులోనూ ఆగింది. మొదటి అంతస్తులో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. రెండో అంతస్తులో రేడియో. మూడో అంతస్తులో ఏమీ లేదు, ఆ తలుపు వెనక మనుషులున్నారని ఎవరూ అనుకోరు. టీచరమ్మ గొళ్ళెం తీసింది. వారంలో మనిషి ఇంకా చిక్కింది, జాకెట్టు భుజాల దగ్గర వదులై జారుతోంది, రెండు పక్కలా అరంగుళం పట్టించాలి. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. ముందు గదిలో కిటికీలు మూసే ఉన్నాయి. టేబుల్ మీద జవాబు పత్రాల కట్ట, ఎర్ర పెన్ను, గళ్ళ నోటుపుస్తకం. కుర్చీ మాత్రం టేబుల్ వైపు కాకుండా కూతురి గది తలుపు వైపు తిప్పి ఉంది. ఆ తలుపు కింద సన్నటి వెలుతురు గీత.

మంచినీళ్ళు వచ్చాయి. తాగింది. తన కుర్చీ ఈడ్చకుండా ఎత్తి, టీచరమ్మ పక్కన వేసుకుంది.

“ఊఁ, మిగతాది చెప్పండి. ఆర్నెల్లు పడుకునే ఉన్నాడన్నారు. తరవాత?”

“ఇవాళ వాడి కథ చెప్పను టీచరుగారూ. చెప్పొద్దన్నాడు.”

టీచరమ్మకి అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం బిగిసింది. “చెప్పొద్దనడమేంటి? మధ్యలో ఆపేస్తారా? వారం రోజుల్నుంచి దానికోసమే చూస్తున్నాను. నేను ఇంకేం అడిగాను మిమ్మల్ని?”

“నిజమే.”

“అంటే మళ్ళీ జబ్బు చేసిందన్నమాట. అందుకే చెప్పట్లేదు.”

“బాగానే ఉన్నాడు. పనికి వెళ్ళొస్తున్నాడు. అంతవరకే నేను చెప్పగలిగేది. మిగతాది వాడిది.”

“అయితే మీరెందుకొచ్చినట్టు?” గొంతు పెంచలేదు, ఈ ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు, గుసగుసలోనే గదమాయించింది. “చెప్పండి, మీరు డాక్టరు కాదు, నర్సు కాదు. మరెందుకొచ్చినట్టు?”

మీలాంటి తల్లినే అనే మాట నాలుక చివరిదాకా వచ్చి, అరిగిపోయిన నాణెంలా అనిపించి, మింగేసింది. గోడ మీద గడియారం లేదు, అది ఎవరు తీసేశారో అడగలేదు. లేచి వెళ్ళిపోవచ్చు, ఫైల్లో ‘కలిశాను, పరిస్థితి చూశాను’ అని రాసేయొచ్చు. అలసట ఎంతగా ఉందంటే అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు. ఎర్ర పెన్ను వైపు చూస్తూ మొదలుపెట్టింది.

“వాడు వెళ్ళిపోయిన రోజు నేను స్నానానికి వెళ్ళానని చెప్పాను కదా. వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి చూశాను.”

గడియ సంగతి చెప్పింది, నాలుగు అడుగుల సంగతి చెప్పింది, తలుపు మూసి అన్న మాట చెప్పింది. ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. టీచరమ్మ ముక్కు మీద కళ్ళజోడు జారినా ఎత్తుకోలేదు.

“ఎన్ని గంటలు పడుకున్నారు?”

“నాలుగు.”

“నాలుగు గంటలా!” ఆ మాటలో తప్పుపట్టడం లేదు. ఆకలితో ఉన్నవాడు పక్కవాడి కంచం వైపు చూసినట్టుంది. “మీ ఆయనకి తెలుసా?”

“తెలీదు. ఎవరికీ తెలీదు. మీకే మొదట చెప్పడం.”

టీచరమ్మ జవాబు పత్రాల కట్ట అంచులు రెండు చేతులతో సరిచేసింది, సరిగ్గానే ఉన్నవాటిని మళ్ళీ సరిచేసింది. తరవాత, కూతురి తలుపు వైపు నుంచి మొహం తిప్పుకుని, తన మోకాళ్ళతో చెబుతున్నట్టు చెప్పింది.

“మొన్న గురువారం తప్పనిసరై పక్కింటావిడని ఇక్కడ కూర్చోబెట్టి స్కూలుకి వెళ్ళాను. నాలుగింటికి వదిలారు. బస్టాపులో కూర్చున్నాను. మూడు బస్సులు వదిలేశాను. నేను ఇంటికి వెళ్ళేసరికి ఏదో ఒకటి జరిగిపోయి ఉంటే బాగుండును అనుకున్నాను. అంతా అయిపోయి, జనం గుమిగూడి ఉంటే, ఇక నేను చెయ్యాల్సిందేమీ ఉండకపోతే... కన్నతల్లినండీ నేను. నాలుగో బస్సెక్కి వచ్చేసరికి అది మంచం మీద కూర్చుని జడ విప్పుకుంటోంది. అమ్మా ఆలస్యమైందేం అంది. నేను దాని మొహం చూడలేకపోయాను.”

అది సహజమే అండీ అనమని శిక్షణలో చెప్పారు. ఆమె అనలేదు. అలాంటి బస్టాపులో తనూ కూర్చుందని కూడా అనలేదు, అది టీచరమ్మది.

“పడుకోండి కాసేపు,” అంది. “నేను కూర్చుంటాను.”

“మీకు టైమైపోతుంది కదా. ఇంకో ఇంటికి వెళ్ళాలేమో.”

“వెళ్ళను. పడుకోండి.”

“నాకు నిద్ర రాదండీ, అలవాటు పోయింది,” అంటూనే గోడ పక్క చాప మీదికి ఒరిగింది టీచరమ్మ, అంటూనే ఉంది, “ఐదింటికి మాత్ర ఇవ్వాలి, నోటుబుక్కులో మూడో గడి...” అక్కడితో మాట తెగిపోయింది. కళ్ళజోడు మొహం మీదే ఉండిపోయింది. ఆమె వంగి, మడతలు నలగకుండా బట్ట తీసినంత జాగ్రత్తగా, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

తలుపు కింద వెలుతురు గీత మీద రెండు నీడలు పడ్డాయి. పాదాలు. తలుపు తెరుచుకుంది. పొడుగాటి పిల్ల, చేతులు దుప్పట్లో చుట్టుకుని, కళ్ళు తల్లి మీద.

“పడుకుందా?”

“పడుకుంది.”

“నిజంగానా? అప్పుడప్పుడు పడుకున్నట్టు నటిస్తుంది.” దగ్గరికొచ్చి వంగి చూసింది. నోరు కాస్త తెరుచుకుని ఉంది టీచరమ్మకి, చిన్న గురక. పిల్ల నమ్మింది. గచ్చు మీద గోడకి ఆనుకుని కూర్చుంది. “నేనంతా విన్నాను ఆంటీ. మొదటి వారం నుంచీ. ఈ గోడలు పల్చన. ఆ అన్నయ్య గడియారాల గురించి అనుకున్నది కరెక్టే, అవి చాడీలే చెబుతాయి.” ఆమె మొహం చూసి, పెదవి ఒక పక్కకి లాగి అంది, “సరదాకి అన్నాన్లెండి. సగం సరదాకి.”

ఆమె మూడు వారాలుగా తల్లికి చెబుతున్నాననుకుంది. వినేది ఈ పిల్ల.

“మీరు పడుకున్న ఆ నాలుగు గంటలూ,” అంది పిల్ల మెల్లగా, ఒక్కో మాట ఏరుకుంటూ, “అన్నయ్యని ఎవరూ చూడట్లేదు కదా.”

“లేదమ్మా. ఎవరూ చూడలేదు.”

“హాయిగా ఉండి ఉంటుంది.” దుప్పటి అంచు పోగు లాగుతూ కూర్చుంది. “అమ్మ నన్ను ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. తలుపు వేసుకున్నా తెలుస్తుంది నాకు, అటువైపు కుర్చీ ఇటే తిరిగి ఉందని. ఎవరో నన్ను చూస్తున్నారని నేనంటే జబ్బంటారు. అమ్మ చూస్తే మాత్రం జబ్బు కాదు.”

ఇది ఏ శిక్షణలోనూ చెప్పలేదు. ఏడేళ్ళలో కొడుకూ చెప్పలేదు, చెప్పనివ్వలేదేమో, తను వాడి గురించి మాట్లాడుతూనే ఉంది కదా.

“ఆంటీ, మీరు పడుకున్న సంగతి అన్నయ్యకి చెప్పారా?”

“లేదు.”

“చెప్పండి. అందులో సగం ఆయనది కదా. అమ్మకి చెప్పేశారు, నేనూ వినేశాను. ఎవరైనా లైబ్రరీకి వెళ్ళి చెబితే?”

లైబ్రరీ సంగతి కూడా తనే చెప్పింది, రెండో వారం, పుస్తకాలు ఎంత చక్కగా అతికిస్తాడో గొప్పగా చెప్పింది. మొహం వేడెక్కింది. నాది నాది అనుకుని తెచ్చింది కూడా వాడి జేబులోంచే కొంత. ఇవాళే చెప్పాలి. ఇంటికి వెళ్ళగానే, వాడు బూట్లు విప్పకముందే. ఎలా మొదలుపెట్టాలి? రా, కూర్చో, ఒకటి చెప్పాలి. వాడు వింటాడు, తల ఎత్తడు, లేచి వెళ్ళిపోతాడేమో. వెళ్ళిపోతే వెళ్ళిపోనీ, వెనక వెళ్ళాలా వద్దా, అబ్బా, ఇంకా ఇంటికే వెళ్ళలేదు.

“మీరూ కళ్ళు మూసుకోండి కాసేపు,” అంది పిల్ల. “మిమ్మల్ని చూస్తుంటే నాకే నిద్రొస్తోంది.”

“నేను మీ అమ్మకి మాటిచ్చాను. కూర్చుంటానని.”

“కూర్చునే ఉన్నారు కదా.”

మూసుకోకూడదు. అది మూడో అంతస్తు, కిటికీలకి ఊచలు ఉన్నాయో లేవో తను చూడలేదు, గొళ్ళెం చప్పుడు కాకుండా తీయడం ఈ ఇంట్లో అందరికీ వచ్చు. ఒళ్ళో ఉన్న బ్యాగు పిడిని రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. చీకట్లో ఒక్కొక్కటిగా వినబడ్డాయి, టీచరమ్మ గురక, కింద రేడియో, దుప్పటి గచ్చు మీద జారడం, పాదాలు, రెండు, మూడు, నాలుగు అడుగులు. ఆగాయి. ఎటు? ఒళ్ళంతా చెవి అయింది. తెరవాలి, తెరవకూడదు, తెరిస్తే ఇంకో జత కళ్ళు అవుతాయి అంతే, తెరవకపోతే, తెరవకపోతే. ఇవాళ చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది ఇదే, రెండు రెప్పలు కలిపి ఉంచడం. కుర్చీ కిర్రుమంది. టీచరమ్మ కుర్చీ. టేబుల్ వైపుకి తిరిగిన చప్పుడు. కట్ట దారం విప్పిన సవ్వడి, కాగితం తిప్పిన గరగర, పెన్ను మూత తీసిన టప్పుమనే చిన్న శబ్దం.

“అన్యాయం,” ఆ పిల్ల తనలో తను గొణిగింది. “వీడికి దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో కూడా తెలీదు, అమ్మ మూడు మార్కులు వేసింది.”

పెన్ను గీసింది. ఇంకో కాగితం తిరిగింది. ఆమెకు నవ్వొచ్చింది, అది పెదాల దాకా రాలేదు, దారిలోనే నిద్ర పట్టేసింది.